పల్లెల గుండా, సముద్రతీరం వెంట: రోజుల తరబడి సాగే కాలినడకకు సమగ్ర మార్గదర్శి

వారం, పది రోజులు, లేదా నెల పాటు ఒకే బాట పట్టుకుని పొలాల గుండా, తీరకొండల మీదుగా నడిచి వెళ్లడానికి అసాధారణమైన బలం అక్కర్లేదు. ఒక రోజులో పదిహేను కిలోమీటర్లు నడవగలిగి, మర్నాడు మళ్లీ లేచి నడవగలిగితే చాలు. అయినా చాలా నడకలు సగంలో ఆగిపోతాయి. ఎక్కువసార్లు దానికి కారణం ప్లాన్‌ను కిలోమీటర్లలో వేసుకోవడమే. బాట మీద నిజంగా ఖర్చయ్యేది గంటలు. ఎక్కుడు (ఎక్కాల్సిన ఎత్తు) ఎంత, సముద్రం ఎప్పుడు తగ్గుతుంది, పొద్దు ఎప్పుడు వాలుతుంది అన్నవి తెలిస్తేనే ఆ గంటలు తెలుస్తాయి. ఈ లెక్క ఒకసారి అలవాటైతే బాట ఎంచుకోవడం నుంచి సంచి సర్దుకోవడం దాకా మిగతా పనులన్నీ తేలికవుతాయి.

మొదట బాట స్వభావం తెలుసుకోండి

పొడవు చూసే ముందు ఆ బాట ఎందుకు పుట్టిందో చూడండి. నడక ఎలా ఉంటుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

ఇంగ్లండ్ నైరుతి తీరం వెంట మైన్‌హెడ్ నుంచి పూల్ హార్బర్ దాకా సాగే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ పొడవు 1,014 కి.మీ. దొంగ సరుకు దింపేవాళ్లను పట్టుకోవడానికి తీర రక్షకులు గస్తీ తిరిగిన దారి అది. ప్రతి చిన్న రేవులోకీ తొంగి చూడాల్సిన అవసరం వాళ్లది. అందుకే బాట ప్రతి లోయలోకీ దిగి మళ్లీ కొండ ఎక్కుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే సుమారు 35,000 మీటర్లు. ఎవరెస్ట్ ఎత్తుకు దాదాపు నాలుగు రెట్లు! ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరం చుట్టూ తిరిగే జీఆర్ 34 కూడా సుంకపు అధికారుల గస్తీ బాటే. దాని పొడవు 2,000 కి.మీ. పైనే. కెనడాలోని వాంకూవర్ దీవిలో ఉన్న 75 కి.మీ. వెస్ట్ కోస్ట్ ట్రయల్ కథ వేరు. 1906లో వాలెన్సియా అనే ఓడ మునిగి ఎంతోమంది చనిపోయాక, ఒడ్డుకు చేరినవాళ్లను కాపాడేందుకు ఆ దారిని అభివృద్ధి చేశారు. నిచ్చెనలు, బురద, అలలు తడిపే బండలు దాటుకుంటూ వెళ్లాలి కాబట్టి అది మొదటి నడకకు పనికొచ్చేది కాదు.

పోర్చుగల్ నైరుతి తీరంలోని ఫిషర్‌మెన్స్ ట్రయల్ జాలర్లు చేపల వేటకు తిరిగిన దారి. ఎత్తులు తక్కువే కానీ చాలా భాగం ఇసుకలో నడవాలి. మెత్తటి ఇసుకలో వేగం బాగా పడిపోతుంది, పిక్కలు నొప్పెడతాయి. యాత్రికుల బాటలు ఊరి నుంచి ఊరికి వెళ్తాయి. స్పెయిన్‌లో శాంటియాగో చేరే కమీనో దారులు అలాంటివే. బస, తిండి, తోడు అన్నీ దొరుకుతాయి. కమీనోలో కనీసం చివరి 100 కి.మీ. నడిచినవాళ్లకు ధ్రువపత్రం కూడా ఇస్తారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా ఇది: ఊళ్లు దగ్గర దగ్గరగా ఉండి, ఎక్కడైనా ఆపేసి బస్సు ఎక్కగలిగే బాటలో ఐదారు రోజుల ముక్క తీసుకోండి. ఇంగ్లండ్‌లో పల్లెల గుండా సాగే 164 కి.మీ. కాట్స్‌వోల్డ్ వే అందుకు బాగుంటుంది. దక్షిణ కొరియాలో జెజు దీవి చుట్టూ ఉన్న ఓల్లె బాటలు ఇంకా సులువు. 2007లో మొదలైన ఆ బాటలు మొత్తం 437 కి.మీ. అయినా, ఒక్కో రోజుకు సరిపడేలా ముక్కలుగా ఉంటాయి. పెద్ద బాటను మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారే నడవాలన్న రూలేమీ లేదు. ఏటా ఒక ముక్క చొప్పున ఏళ్ల తరబడి పూర్తిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఆ తీరాన్ని వేరు వేరు రుతువుల్లో చూడగలుగుతారు.

ప్రతి రోజునూ గంటల్లోకి మార్చండి

1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సులువైన లెక్క చెప్పాడు. ఇప్పటికీ అందరూ వాడేది అదే. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట. ఇందులో విశ్రాంతి కలపలేదు. పైగా ఇది చురుకుగా నడిచేవాళ్ల వేగం. వీపున బరువుతో రోజూ నడిచేవాళ్లు గంటకు నాలుగు కిలోమీటర్లు అనుకుంటే మంచిది.

20 కి.మీ. దూరం, 900 మీటర్ల ఎక్కుడు ఉన్న తీరపు రోజును తీసుకుందాం. దూరానికి ఐదు గంటలు, ఎక్కుడుకు గంటన్నర, భోజనానికీ ఫొటోలకూ ఊరికే కూర్చుని సముద్రం చూడటానికీ ఇంకో గంటన్నర. మొత్తం ఎనిమిది గంటలు. అదే 20 కి.మీ. చదును పొలాల మధ్య అయితే ఆరున్నర గంటల్లో అయిపోతుంది. ఊరికే కూర్చునే సమయాన్ని మాత్రం దయచేసి లెక్కలోంచి తీసేయకండి. అంత దూరం వెళ్లింది అందుకే కదా.

ఒక కాగితం మీద రోజుకు ఒక వరస రాసుకోండి: దూరం, ఎక్కుడు, గంటలు, సూర్యాస్తమయం, మధ్యలో నీళ్లు దొరికే చోటు, అలసిపోతే బయటపడే దారి. మొదటి రెండు రోజులు కావాలనే తక్కువ గంటలు పెట్టండి. ప్రతి ఐదారు రోజులకు ఒక పూర్తి విశ్రాంతి రోజు వదలండి. తుపాను గాలి వీచినా, మడమ వాచినా మిమ్మల్ని ఆదుకునేది ఆ ఖాళీ రోజే.

సముద్రం టైమ్‌టేబుల్ చదవడం నేర్చుకోండి

తీరపు బాటల్లో అన్నిటికంటే ముఖ్యమైన నైపుణ్యం ఇదే. కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు (నీరు పైకి రావడం), రెండు ఆట్లు (నీరు వెనక్కి తగ్గడం) వస్తాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల ఇవాళ ఆటు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు సముద్రం మరీ పైకి వస్తుంది, మరీ లోపలికి పోతుంది. అష్టమి నాళ్ల దగ్గర ఆ తేడా తగ్గుతుంది. కొన్ని తీరాల్లో రోజుకు ఒకే పోటు ఉంటుంది. అందుకే మీరు నడిచే చోటుకు దగ్గరి రేవు టైడ్ టేబులే (ఆటుపోట్ల వేళల పట్టిక) చూడాలి.

నీరు ఒకే వేగంతో పెరగదన్నది చాలామందికి తెలియదు. ఆటు నుంచి పోటు దాకా ఉన్న ఆరు గంటల్లో మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతే వస్తుంది. రెండో గంటలో అలాంటివి రెండు వంతులు, మూడు, నాలుగో గంటల్లో మూడేసి వంతులు, తర్వాత రెండు, చివరికి ఒకటి. తేడా ఆరు మీటర్లున్న తీరంలో మధ్య రెండు గంటల్లోనే నీరు మూడు మీటర్లు పెరుగుతుందన్నమాట. మొదటి గంటలో నెమ్మదిగా ఉంది కదా అని కొండ పాదం వెంట నడుచుకుంటూ పోతే, తర్వాతి గంటలో వెనక్కి తిరిగే దారి మూసుకుపోతుంది.

దీన్ని ప్లాన్‌లోకి ఎలా తేవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. న్యూజిలాండ్‌లోని 60 కి.మీ. ఏబెల్ టాస్మన్ బాటలో అవరోవా అనే అఖాతాన్ని కాలినడకనే దాటాలి. చుట్టుదారి లేదు. ఆటుకు గంటన్నర ముందు నుంచి ఆటు తర్వాత రెండు గంటల వరకే దాటనిస్తారు. ఆ రోజు ఆటు 11:40కి అనుకుందాం. మీకున్న సమయం 10:10 నుంచి 1:40 దాకా. అక్కడికి మీ బస నుంచి తొమ్మిది కిలోమీటర్లు, 200 మీటర్ల ఎక్కుడు ఉంటే సుమారు రెండు గంటల ముప్పావు పడుతుంది. ఎనిమిదింటికి బయలుదేరితే పావు తక్కువ పదకొండుకు చేరి, తొందర లేకుండా దాటతారు. పదకొండున్నరకు బయలుదేరితే మాత్రం ఆ అవకాశం పోయినట్టే.

ఇంగ్లండ్‌లోని ఎర్మ్ నదీముఖం దగ్గరా ఇంతే. పడవ ఉండదు, ఆటుకు అటూ ఇటూ ఒక గంట లోపు మాత్రమే నీళ్లలో దిగి దాటాలి. దక్షిణాఫ్రికాలోని ఆటర్ ట్రయల్‌లో నాలుగో రోజు బ్లూక్రాన్స్ నది ముఖాన్ని దాటే వేళను బట్టే ఆ ఉదయం ఎన్నింటికి లేవాలో నిర్ణయమవుతుంది. కాలిఫోర్నియాలోని లాస్ట్ కోస్ట్ ట్రయల్‌లో పోటు వేళ నడవడానికే వీల్లేని ముక్కలు ఉన్నాయి.

ఇంకో రెండు జాగ్రత్తలు. కొన్ని టైడ్ టేబుళ్లు వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే దేశాల్లో కూడా మామూలు సమయంలోనే అచ్చవుతాయి. మీది ఏ సమయమో చూసి అవసరమైతే గంట కలుపుకోండి. రెండోది, ఒడ్డువైపు గట్టిగా గాలి వీస్తున్నప్పుడు, వాతావరణ పీడనం పడిపోయినప్పుడు నీరు టేబుల్‌లో రాసినదానికంటే పైకి వస్తుంది. అలాగే కుండపోత వాన తర్వాత నదులు ఆటు వేళ కూడా దాటేలా ఉండవు. సందేహం వస్తే తర్వాతి ఆటు దాకా ఆగండి, లేదంటే లోపలి దారిన చుట్టి వెళ్లండి.

కాలం, దిక్కు

మధ్యధరా తీరాల్లో వేసవి ఎండకు నీడే దొరకదు. టర్కీలో 1999లో మొదలైన లిసియన్ వే లాంటి బాటకు వసంతమో శరత్తో మంచిది. బ్రిటన్‌లో మే, జూన్ నెలల్లో పగలు పొడవు, తీరకొండల నిండా పూలు. వెస్ట్ కోస్ట్ ట్రయల్‌ను మే నుంచి సెప్టెంబర్ దాకానే తెరుస్తారు.

దిక్కు విషయంలో గాలి మాట వినండి. బ్రిటన్‌లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది. 1973లో ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ ఇంగ్లండ్‌కు అడ్డంగా, సెయింట్ బీస్ నుంచి రాబిన్ హుడ్స్ బే దాకా రూపొందించిన కోస్ట్ టు కోస్ట్ బాటను చాలామంది పడమర నుంచి తూర్పుకు నడవడానికి కారణం గాలి, వాన వీపు వైపు ఉంటాయనే. సాయంత్రం ఎండ కూడా కళ్లల్లో కొట్టదు.

బస, పర్మిట్లు

బసలో మూడు పద్ధతులున్నాయి. రోజూ ఒక గదిలో దిగడం, యాత్రికుల సత్రాల్లాంటి హాస్టళ్లలో మంచం తీసుకోవడం, టెంట్ మోసుకెళ్లడం. మొదటి నడకకు గది లేదా హాస్టలే నయం. పేరున్న బాటల్లో పెద్ద సంచిని ఒక బస నుంచి మరో బసకు వ్యానులో చేరవేసేవాళ్లు కూడా ఉంటారు. మోకాళ్లు బలహీనమైనవాళ్లు, వయసు పైబడినవాళ్లు మొహమాటం లేకుండా ఆ సాయం తీసుకోవాలి. దానివల్ల నడక విలువేమీ తగ్గదు.

టెంట్ వేసుకునే హక్కు దేశాన్ని బట్టి మారుతుంది. స్కాట్లండ్‌లో 2003 చట్టం బాధ్యతగా తిరిగేవాళ్లకు చాలా భూముల మీద నడిచే, రాత్రి ఉండే హక్కు ఇచ్చింది. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో చాలాచోట్ల భూమి యజమానిని అడగాలి. ఆటర్ ట్రయల్‌లో రోజుకు పన్నెండు మందినే పంపిస్తారు కాబట్టి చాలా నెలల ముందే బుక్ చేసుకోవాలి. ముందు పర్మిట్, తర్వాత బస, ఆ తర్వాతే ప్రయాణం టికెట్ అన్న వరస పాటించండి.

శరీరాన్ని, ముఖ్యంగా పాదాలను సిద్ధం చేసుకోవడం

బయలుదేరడానికి ఎనిమిది, పది వారాల ముందు నడక మొదలుపెట్టండి. ఒక్కరోజు ముప్పై కిలోమీటర్లు నడిచి వారం పడుకోవడం కంటే వరుసగా రెండు రోజులు పదిహేనేసి నడవడం ఎక్కువ మేలు చేస్తుంది. అలసిన కాళ్లతో మర్నాడు నడవడమే అసలు పరీక్ష. చివరి వారాల్లో మీతో తీసుకెళ్లే సంచినీ బూట్లనూ వాడే ప్రాక్టీస్ చేయండి. మెట్లు దిగడం కూడా సాధన చేయాలి. తీరపు బాటల్లో మోకాళ్లను అరగదీసేది దిగుడే. రెండు వాకింగ్ పోల్స్ ఉంటే ఆ భారం చాలా తగ్గుతుంది.

బూట్లు మధ్యాహ్నం తర్వాత కొనండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. రోజంతా నడిస్తే ఇంకా ఉబ్బుతాయి కాబట్టి బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. తేలికైన ట్రయల్ షూస్ త్వరగా ఆరుతాయి, పల్లె దారులకు అవి చాలు. రాళ్లు, బురద, బరువైన సంచి ఉంటే చీలమండ దాకా వచ్చే బూట్లు తీసుకోండి. కాటన్ సాక్స్ తడిని పట్టుకుని చర్మాన్ని నానబెడతాయి. ఉన్నివి గానీ సింథటిక్‌వి గానీ వాడండి.

బొబ్బ ఒక్కసారిగా రాదు. ముందు ఆ చోట వెచ్చగా, చురుక్కుమన్నట్టు ఉంటుంది. ఆ క్షణంలోనే ఆగాలి. "ఇంకో కిలోమీటరే కదా, బసకు వెళ్లాక చూద్దాం" అనిపిస్తుంది, తోటివాళ్లను ఆపాలంటే మొహమాటం వేస్తుంది. అయినా ఆగండి. బూటు విప్పి, ఇసుక దులిపి, పాదం ఆరనిచ్చి, టేప్ నున్నగా ముడతలు లేకుండా అంటించండి. ఐదు నిమిషాల పని అది. చేయకపోతే ఐదు రోజుల నడక పోవచ్చు. భోజనానికి ఆగినప్పుడల్లా బూట్లు, సాక్స్ విప్పి పాదాలకు గాలి తగలనివ్వడం మంచి అలవాటు. సముద్రపు నీళ్లలో కాళ్లు పెడితే తర్వాత మంచినీళ్లతో కడిగి తుడుచుకోండి, ఎండిన ఉప్పు చర్మాన్ని రాపాడిస్తుంది.

సంచిలో ఏముండాలి

గదుల్లో దిగేవాళ్ల సంచి తమ బరువులో పదో వంతు దాటకుండా చూసుకోవాలి. టెంట్ మోసేవాళ్లకు ఐదో వంతు పైపరిమితి. వాన ఆపే జాకెట్, చలి ఆపే ఒక పొర, మార్చుకోవడానికి ఒక జత, టోపీ, సన్‌స్క్రీన్, హెడ్‌ల్యాంప్, ఈల, ప్రథమ చికిత్స సామాను, పవర్ బ్యాంక్, కాగితపు మ్యాప్. తీరంలో చల్లగాలి వీస్తుంటే ఎండ తెలియదు, చర్మం మాత్రం కాలుతూనే ఉంటుంది. గొడుగు పని చేయదు. సంచికి బయట వేసే కవర్‌ను గాలి ఎగరేసుకుపోతుంది, లోపలే మందమైన ప్లాస్టిక్ సంచి పరిచి బట్టలు అందులో పెట్టడం నయం.

నీళ్లు గంటకు అర లీటరు లెక్కన మోయండి, ఎండలో ఇంకా ఎక్కువ. పశువులు మేసే కొండల నుంచి దిగే వాగు ఎంత తేటగా కనిపించినా ఫిల్టర్ చేయకుండా తాగవద్దు.

దారి గుర్తులు

యూరప్‌లోని చాలా పొడవాటి బాటల మీద తెలుపు, ఎరుపు గీతలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అవే రంగుల్లో అడ్డంగా ఇంటూ గుర్తు కనిపిస్తే అటు వెళ్లకూడదని అర్థం. ఇంగ్లండ్, వేల్స్ జాతీయ బాటల మీద ఓక్ చెట్టు కాయ బొమ్మ, కమీనో మీద పసుపు బాణం, ఆల్చిప్ప గుర్తు. జెజులో ఒక దిక్కుకు నీలం, ఎదురు దిక్కుకు నారింజ రంగు బాణాలు. పది నిమిషాలుగా ఒక్క గుర్తూ కనిపించకపోతే ముందుకు పోకుండా చివరి గుర్తు దాకా వెనక్కి రండి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. కొండ విరిగిపడినచోట బాటను లోపలికి మళ్లిస్తారు. అలాంటప్పుడు పాత మ్యాప్‌ను కాదు, అక్కడ పెట్టిన బోర్డును అనుసరించాలి.

పొలాలు, పశువులు

ఆ బాట ఎవరో బతుకుతెరువు సాగించే నేల మీదుగా వెళ్తోంది. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి. పైరు మధ్యలో బాట ఉంటే ఒకరి వెనక ఒకరు నడవండి. దూడలున్న ఆవుల మంద కనిపిస్తే తల్లికీ దూడకూ మధ్యకు వెళ్లకుండా దూరంగా చుట్టి పోవాలి. కుక్కను తీసుకెళ్తే తాడు కట్టి ఉంచండి. ఆవులు మీదికి వస్తే మాత్రం తాడు వదిలేయాలి, వాటి కోపం కుక్క మీదే కాబట్టి. పొడవైన గడ్డిలో నడిచిన రోజు రాత్రి మోకాళ్ల వెనక, నడుము చుట్టూ పిడుదులున్నాయేమో వెతకండి. ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి. తర్వాత రోజుల్లో చుట్టూ ఎర్రటి వలయం వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించండి.

అంచు దగ్గర

తీరకొండ అంచు కింద నేల ఉందో లేదో పైనుంచి తెలియదు. చాలాచోట్ల అలలు కింద తొలిచేసి, పైన గడ్డి పెళ్ల మాత్రమే మిగులుతుంది. పగుళ్లు కనిపించే చోటుకు వెళ్లొద్దు, వానలు పడిన తర్వాత కొండ పాదం దగ్గర కూర్చోవద్దు. బలమైన ఈదురుగాలులు చెబితే ఆ రోజు లోపలి దారి పట్టండి, లేదా ఖాళీగా పెట్టుకున్న రోజును వాడేయండి. పొగమంచు కమ్మితే అంచుకు దూరంగా కూర్చుని తేలేదాకా ఆగవచ్చు.

ప్రతి ఉదయం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి చేరతారో ఒకరికి చెప్పి వెళ్లండి. యూరప్‌లో అత్యవసర నంబర్ 112. బ్రిటన్‌లో తీరం దగ్గర ఆపద వస్తే 999కి చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. ఫోన్ అందకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదండి.

బాట మీద మొదటి మూడు రోజులు

మొదటి రోజు ఉత్సాహంలో వేగం పెరుగుతుంది. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగమే సరైనది. రెండో రోజు ఒళ్లంతా నొప్పులు, మూడో రోజు ఎందుకొచ్చానా అన్న టెన్షన్. ఇది చాలామందికి ఉంటుంది. నాలుగో రోజుకు శరీరం సర్దుకుంటుంది. కండరాల నొప్పి నడిచేకొద్దీ తగ్గితే భయం లేదు. ఒకే చోట, ఎముక మీద, నడిచేకొద్దీ పెరిగే నొప్పి అయితే ఆపి విశ్రాంతి తీసుకోవాలి.

ఆ మూడు రోజుల్లో రోజూ రాత్రి మీ కాగితం తీసి, అనుకున్న గంటలకు పక్కన నిజంగా పట్టిన గంటలు రాయండి. ఎనిమిది అనుకున్నది తొమ్మిదిన్నర పడుతుంటే మిగతా రోజులన్నిటినీ ఆ నిష్పత్తిలో మార్చేసుకోండి. ముఖ్యంగా ఆటు వేళకు చేరాల్సిన రోజుల్లో చేరాల్సిన వేళ నుంచి వెనక్కి లెక్కగట్టి, ఆ మేరకు ఇంకా ముందే బయలుదేరండి. పొడవైన రోజు ఏదైనా సాయంత్రపు వెలుతురు దాటిపోతుంటే దాన్ని రెండు రోజులుగా విడగొట్టి, ఆ రాత్రికే తర్వాతి బసకు ఫోన్ చేసి చెప్పండి.